నిలవని లైటు

లైన్‌మన్ జలపతన్న మా ఇంటికి బ్రాడ్‌బ్యాండ్ పెట్టి వెళ్తూ ఒకే మాట చెప్పాడు. "గీ మోడెమ్ మీది రెండో లైటు చూస్కో బిడ్డా. నిలవడి మండితే లైను మంచిగున్నట్టు. మిణుకుమిణుకుమంటే అందుతలేదన్నట్టు." ఆ రోజు అది బుద్ధిగా నిలబడింది. బంద్ రోజు మాత్రం మిణుకుతూనే ఉంది. దాన్ని చూసి చూసి నా కళ్ళు కాయలు కాశాయి.

బీఎడ్ కౌన్సెలింగ్‌లో వెబ్ ఆప్షన్లు పెట్టుకోవడానికి ఆఖరు రోజు అది. ఏ కాలేజీలు కావాలో వరుసగా ఎంచుకుని లాక్ చేయాలి. చేయకపోతే ర్యాంకు ఉన్నా సీటు రాదు. సీటు రాకపోతే ఇంకో ఏడాది అమ్మీ పక్కన చాట ఒళ్ళో పెట్టుకుని బీడీలు చుట్టాలి. డిగ్రీ చదువుతూ చుట్టాను, డిగ్రీ అయ్యాక కూడా చుట్టాను. నాకు రోత పుట్టింది. తంబాకు ఘాటు లేని గదిలో, పిల్లల ముందు నిలబడి పాఠం చెప్పాలని ఉంది.

సకల జనుల సమ్మె మొదలయ్యాక కోరుట్లలో నెట్ సెంటర్లు తెరిచిన రోజుల కంటే మూసిన రోజులే ఎక్కువ. అందుకే అబ్బా ఇంటికే కనెక్షన్ పెట్టించాడు. బస్సులు లేకపోయినా మా మామ కొడుకు అజ్మల్ జగిత్యాల నుంచి ఎవరిదో బైకు వెనక కూర్చుని, తన పాత కంప్యూటర్‌ను ఒళ్ళో పెట్టుకుని తెచ్చిచ్చాడు. ఇంతమంది ఇంత చేశాక ఆ లైటుకేం రోగం?

పైగా కరెంటు భయం. బొగ్గుగనులు సమ్మెలో ఉన్నాయి. మధ్యాహ్నం కరెంటు పోయిందంటే దీపాలు పెట్టే వేళకు గానీ రాదు. సైటేమో సాయంత్రం ఐదింటికే మూసేస్తారు. కరెంటు పోయేలోపే పని కావాలి.

వైరు పీకి మళ్ళీ పెట్టాను. ఫోనుకూ మోడెమ్‌కూ మధ్య ఉండే చిన్న డబ్బాను ఊడదీసి, నోటితో ఊది, బిగించాను. ఫోను చెవి దగ్గర పెట్టుకుంటే నూనెలో ఆవాలు వేసినట్టు చిటపటమంటోంది. అజ్మల్ వదిలిపోయిన సెల్లుతో కంపెనీ నంబరుకు కొట్టాను. ఒకామె తేనె పూసిన గొంతుతో, మోడెమ్ ఆపి కాసేపు ఆగి మళ్ళీ వేయమంది. మూడుసార్లు అదే చెప్పింది. ఎదురుగా ఉంటే ఆమెతో పాటు మోడెమ్‌ను కూడా బావిలో వేద్దును.

"కోపం చేస్తే మిషనుకు తెలుస్తదా?" అంది అమ్మీ, ఆకు కత్తిరిస్తూనే.

"నీకేం, నీ పని ఆగుతలేదు గదా!" అన్నాను. అమ్మీ మహమూదా బేగం మాట పడే మనిషి కాదు, అయినా ఆ రోజు తల వంచి ఇంకో ఆకు అందుకుంది. అది చూసి నాకు ఇంకా భయమేసింది.

బయట ఒకటే గోల. మా గల్లీలో వంటావార్పు. దారికి అడ్డంగా పొయ్యి పెట్టి, అక్కడే వండి, అక్కడే బంతిలో కూర్చుని తినడం. జగిత్యాలలో, సిరిసిల్లలో రోజూ ఎక్కడో ఒకచోట జరుగుతూనే ఉంది. మా దగ్గర చౌరస్తాలో అనుకున్నారు. అబ్బానే అందరి గడ్డాలూ పట్టుకుని మా ఇంటి ముందుకు తెచ్చుకున్నాడు. ఆయన మోటార్లకు వైండింగ్ చేస్తాడు. దుకాణం బంద్, మనిషి మాత్రం బంద్ కాలేదు. ఉద్యమంలో ఉండాలి, బిడ్డకూ కాపలా ఉండాలి. పొయ్యి రాళ్ళు కూడా తనే మా గేటు ముందర పేర్చాడు. మైకు పట్టుకుని, "ఇయ్యాల మా గల్లీ బువ్వ కోరుట్ల అంత తినాలె!" అని అరుస్తుంటే చప్పట్లు కొట్టారు.

మధ్యమధ్య తలుపులోంచి తొంగిచూస్తున్నాడు. "అయ్యిందా బేటా?"

"అయితే నేనే డప్పు కొట్టి చెప్త, నువ్వు పో అబ్బా!"

పొగ లోపలికి కొట్టి నాకు దగ్గొచ్చింది. కిటికీ మూద్దామని లేచాను. అప్పుడు కనపడింది. స్తంభం నుంచి మా కిటికీకి వచ్చే టెలిఫోను తీగ మధ్యలో కిందికి వాలి, సరిగ్గా అన్నం గంజు మీదుగా వస్తోంది. మంట నాలుకలు ఎగసినప్పుడల్లా దానికి సెగ తగులుతోంది. పైన ఉన్న నల్ల ప్లాస్టిక్ కరిగి, చుక్క సాగి, గంజు మూత మీద పడింది.

చెప్పులు కూడా వేసుకోకుండా బయటికి ఉరికాను. "అబ్బా! తీగె! తీగె కాలుతుంది!"

మైకు ఆగింది. పప్పు కలుపుతున్న జలపతన్న గరిటె వదిలి, మెడ ఎత్తి చూశాడు. "లోపటి రెండు తీగెలు ఒకదాన్నొకటి తాకుతున్నయి. లైటు ఎట్ల నిలుస్తది? కరిగిన ముక్క కోసి అతుకెయ్యాలె."

"అయితే ఎయ్యే, ఏం చూస్తున్నవ్?" అన్నాడు అబ్బా.

"బంద్ నాడు పనిముట్టు ముట్టనని పొద్దుగాల అందరి ముందట ఒట్టేసిన ఖాజన్నా. నువ్వు ఎయ్యి, నేను చెప్త. కని మంట మీద చెయ్యెట్ల పెడ్తవ్?"

గంజు జరపడానికి లేదు. నలుగురు పట్టినా కదలదు, లోపల ఎసరు సలసల కాగుతోంది. మంట తీసేయడం ఒక్కటే దారి. వంట పెత్తనమంతా పక్కింటి రూతమ్మది. కూలి పనికి పోని రోజు లేని మనిషి, బంద్ అని ఆ రోజు పొయ్యి దగ్గర నిలబడింది. ఆమె మూత తీసి, ఒక మెతుకు వేళ్ళ మధ్య నలిపి చూసింది.

"సగమే ఉడికింది ఖాజన్నా. గిప్పుడు మంట గుంజితే పలుకు వడ్తది. మల్ల అంటువెట్టినా సక్కగ ఉడకది. గింతమందికి ఏం పెడ్తం?"

అబ్బా గంజు వైపు చూశాడు. రోడ్డు పొడవునా పరిచిన విస్తర్ల వైపు చూశాడు. నా వైపు చూడలేదు. అడగాలంటే సిగ్గు, అడగకపోతే నా బతుకు ఆ చాట దగ్గరే. "అబ్బా" అన్నాను, అంతే.

ఆయన వంగి, మండుతున్న మొద్దును చేత్తో బయటికి గుంజాడు. తర్వాత రెండోది. బిందె ఎత్తి నీళ్ళు కుమ్మరించాడు. బుస్సుమని బూడిద లేచింది.

"ఊరోల్ల బువ్వ కన్న నీ బిడ్డ కంప్యూటర్ ఎక్కువైందా?" మగ్గం పని చేసే ఎల్లన్న గట్టిగానే అడిగాడు. ఆయన సిరిసిల్ల నుంచి వచ్చి మా గల్లీలో ఉంటాడు. పొద్దున అందరికంటే ముందు చప్పట్లు కొట్టింది ఆయనే.

"ఎక్కువనే అనుకో," అన్నాడు అబ్బా. మా అబ్బా పదిమందిలో మాట పడడం నేనెప్పుడూ చూడలేదు.

స్టూలు వేసుకుని ఎక్కాడు. జలపతన్న చేతులు వెనక్కి కట్టుకుని, "గా ముక్క కొయ్యి. రెండిట్ల తోలు తియ్యి. ఇగ మెలెయ్యి. దేనికది టేపు సుట్టు. ఇగ తీగెను మంటకు అందకుంట మీదికి గుంజి కట్టు" అని చెబుతుంటే అబ్బా చేశాడు. కింది నుంచి ఆవిరి కొడుతుంటే ముఖం పక్కకు తిప్పుకున్నాడు. అరచేతులు అప్పటికే పొక్కాయి. నేను లోపలికి పరుగెత్తాను. లైటు మిణికింది, ఆగింది, మళ్ళీ మిణికింది. నిలబడింది.

సైటు నత్తనడక. ఒక్కొక్కటిగా కాలేజీలు ఎంచుకున్నాను. ముందు జగిత్యాల, ఆ తర్వాత కరీంనగర్. లాక్ అయిందని తెర మీద రాగానే ఒకటికి రెండుసార్లు చదివాను. అమ్మీని పిలిచి చూపించాను. అమ్మీ చదవలేదు గానీ, చాట కింద పెట్టి తెరను చేత్తో తడిమింది. ఇంకాసేపటికి కరెంటు పోయింది.

బయటికొచ్చాను. అందరూ బంతిలో కూర్చుని తింటున్నారు. మంట మళ్ళీ వేశారట, అయినా అన్నం తేరుకోలేదట. రూతమ్మ వడ్డిస్తూ ఎవరి ముఖం వైపూ చూడడం లేదు. అందరూ బలంగా నములుతున్నారు. గల్లీ అంతా ఒక్కసారి నన్నే చూసింది.

ఎల్లన్న దవడ ఆపాడు. "అయ్యిందా బిడ్డా?"

"అయ్యింది కాకా."

"సరే," అని విస్తరిలోకి తల వంచి, ఇంకో ముద్ద తీసుకున్నాడు. "ఇంకింత ఎయ్యి రూతక్కా."

అబ్బా బంతి చివర ఉన్నాడు, ఎక్కువ కాలిన కుడిచేతికి తడిగుడ్డ చుట్టుకుని, ఎడమచేతి వేళ్ళ కొసలతో కలుపుకుంటూ. నేను ఆయన పక్కన రోడ్డు మీదే కూర్చున్నాను. రూతమ్మ నాకూ విస్తరి వేసింది. మొదటి ముద్దకే మెతుకులు పంటికింద కరకరలాడాయి. నాకు ఏడుపు ఆగలేదు.

"మెల్లగ నములు బేటా," అన్నాడు అబ్బా.