రెండు గొట్టాల మధ్య సందు

గుండెకి స్టెంటు వేసినప్పటి నుంచీ కళ్ళద్దాల షాపాయనకి ఇంట్లో గడియ పెట్టుకునే యోగం లేకుండా పోయింది. ఆస్పత్రి నుంచి వచ్చిన వారంలోనే వాళ్ళావిడ వడ్రంగిని పిలిపించి బాత్‌రూమ్ తలుపు గడియ ఊడబీకించింది. లోపల పడిపోతే తలుపు బద్దలుకొట్టేలోపు ఏమైపోతాడోనని ఆవిడ భయం. ఆ భయాన్ని తప్పుపట్టడానికి లేదు. ఆయన ప్రాణానికి వచ్చిన చిక్కల్లా అదే. పోనీ కోప్పడదామా అంటే ఆవిడ ఏం చేసినా ప్రేమతోనే చేస్తుంది మరి!

షాపులోనూ అదే తంతు. వెనక గదిలో ఆయన అద్దాలు అరగదీస్తుంటాడు, ముందు కౌంటరు దగ్గర ఆవిడ కూర్చుంటుంది. మధ్యలో ఉన్న చెక్కగోడ తీయించేసి గాజుపలక బిగించింది. ఆయన ఒకసారి తుమ్మితే తల తిప్పి చూస్తుంది. రెండోసారి తుమ్మితే కస్టమర్ని అక్కడే వదిలేసి లేచొస్తుంది. "ఎలా ఉందండీ?" అని నుదురు పట్టుకుని చూస్తుంది. తుమ్ముకీ గుండెకీ ఏం సంబంధమో ఏ డాక్టరూ చెప్పలేదు. ఆయన మాత్రం తుమ్ములు ఆపుకోవడం నేర్చుకున్నాడు.

డాక్టరు పుణ్యమా అని ఒకే ఒక్క వెసులుబాటు దొరికింది. చదునైన రోడ్డు మీద సైకిలు తొక్కితే మంచిదన్నాడు. దాంతో ఆదివారం పొద్దున పాత సైకిలు బయటికొచ్చింది. ఊరి చివర పెట్రోలు బంకు దాకా వెళ్ళి తిరిగి రావాలని మొగుడూ పెళ్ళాల ఒప్పందం. బంకు దాకా ఆయన బుద్ధిమంతుడిలానే వెళ్తాడు. అది దాటగానే పక్కనున్న పాత క్వారీ దారిలోకి మళ్ళుతాడు. ముందు కంకర, తర్వాత మట్టి, ఆ తర్వాత పొదల మధ్య కాలిబాట. గుట్ట పైకెక్కేసరికి నాలుక బయటికొస్తుంది. అక్కడ ఎంత ఆయాసపడినా పలకరించే నాథుడు లేడు. ఓ బండ మీద కూర్చుని తనివితీరా తుమ్ముతాడు, దగ్గుతాడు, ఏమీ చెయ్యకుండా కూడా కూర్చుంటాడు. ఆ కాసేపూ తన ఒళ్ళు తనదే అనిపిస్తుంది. వారమంతా ఆ కాసేపటి కోసమే బతుకుతున్నాడంటే అతిశయోక్తి కాదు.

ఒక ఆదివారం సన్నటైరు కంకరలో జారి మోచెయ్యి చెక్కుకుపోయింది. ఇంటికొచ్చి, "రోడ్డు మీద కుక్క అడ్డొచ్చింది" అన్నాడు. పాపం, ఆ ఊరి కుక్కలకి మాటలొస్తే పరువునష్టం దావా వేసేవి. ఆవిడ ఏడ్చింది, తిట్టింది, పసుపు రాసింది. తెల్లారేసరికి ఒక నిర్ణయానికి వచ్చేసింది. డాక్టరు చెప్పాడు కాబట్టి సైకిలు మాన్పించకూడదు. ఆయన ఒంటికి కొలతలు తీయించి, రోడ్డుకి తగ్గ సైకిలు ప్రత్యేకంగా చేయించాలి.

అలా ఇద్దరూ సైకిలు ఫ్రేములు చేసే మేస్త్రి దగ్గరికి వచ్చారు. షెడ్డు నిండా ఉక్కు గొట్టాలు. మధ్యలో చక్రాల్లేని సైకిలొకటి నేలకి బోల్టులతో బిగించి ఉంది. కొలతలన్నీ దాని మీదే తీస్తాడట. ఆయన ఎక్కి తొక్కడం మొదలుపెట్టాడు. ఎంత తొక్కినా ఉన్నచోటే ఉండడం ఆయనకి కొత్తేమీ కాదు.

"నడుం నొప్పేమైనా ఉందా సార్?" అన్నాడు మేస్త్రి, మోకాలి దగ్గర టేపు పట్టి.

"నడుం బాగానే ఉంది. మెడే పట్టేస్తుంటుంది" అంది ఆవిడ.

"ఎంతసేపు తొక్కుతారు సార్?"

"గంట. గంట దాటితే నేను ఫోన్ చేసేస్తాను."

మేస్త్రి ఆయన వంక చూశాడు, ఆవిడ వంక చూశాడు. సైకిలు ఎవరికని అడగబోయి ఆగిపోయినట్టున్నాడు.

"నేను చేసేవి గ్రావెల్ బైకులండీ, అంటే రోడ్డుకీ, కంకర దారికీ రెండింటికీ పనికొచ్చేవి. అసలు విషయం ఇక్కడుంది" అంటూ తయారైన ఫ్రేమొకటి తెచ్చి, వెనక చక్రానికి అటూ ఇటూ ఉండే గొట్టాల మధ్య వేలు పెట్టి చూపించాడు. "ఈ సందు. వెల్డింగ్ అయిపోయాక దీన్ని మార్చడం నావల్ల కాదు. సన్నగా పెడితే లావు టైరు ఈ జన్మకి పట్టదు. పెద్దది పెడితే ఏ టైరైనా పడుతుంది గానీ, ఉత్త రోడ్డు మీద తిరిగేవాళ్ళకి అనవసరపు బరువు. ఎక్కడ తొక్కుతారో సరిగ్గా చెప్పండి, దాన్నిబట్టి చేస్తా."

"రోడ్డేనండీ. సన్నది చాలు" అంది ఆవిడ.

మేస్త్రి సుద్దముక్క తీసి గోడమీది పలక దగ్గరికి నడిచాడు. ఆయనకి నోట్లో పచ్చివెలక్కాయ పడ్డట్టయింది. ఇప్పుడు నోరు మెదపకపోతే క్వారీ దారి పోయినట్టే. పాత సైకిలు కూడా ఆవిడ ఇంట్లో ఉండనివ్వదు, ఎవరికో ఇచ్చేస్తానని అప్పుడే మాటిచ్చేసింది.

"ఎందుకైనా మంచిది, పెద్దదే పెట్టండి" అన్నాడు నీళ్ళు నములుతూ.

"దేనికి మంచిది?" అంది ఆవిడ.

ఆయన షాపుకి కొందరు వస్తుంటారు. చూపు బాగుందనిపించుకోవాలని గోడమీది అక్షరాల చార్టు ముందే కంఠస్థం చేసి గడగడా అప్పజెప్పేస్తారు. వాళ్ళని ఆయన ఎడాపెడా వాయిస్తుంటాడు. నన్ను మోసం చేసి ఏం లాభమండీ, ఆ అద్దాలు పెట్టుకుని తిరగాల్సింది మీరేగా అంటుంటాడు. ఇవాళ తను చేస్తున్నదీ సరిగ్గా అదే. సిగ్గనిపించింది. తొక్కడం ఆపేశాడు.

"నేను బంకు దగ్గర వెనక్కి తిరగను. క్వారీ దారిలో వెళ్తాను."

ఆవిడ ఆయన వైపు తిరిగింది. "ఎప్పట్నుంచి?"

"మొదట్నుంచీ."

"మరి ఆ కుక్క?"

"కుక్కా లేదు, ఏమీ లేదు."

ఆవిడ అక్కడున్న స్టూలు మీద కూలబడింది. మేస్త్రి ఉన్నట్టుండి ఆకురాయి వెతుక్కుంటూ అవతలికెళ్ళిపోయాడు.

"అక్కడ పడిపోతే ఎవరికి తెలుస్తుందండీ? ఫోను పలుకుతుందా?"

"పలకదు" అన్నాడు. అందుకే వెళ్తున్నానన్న మాట నోటిదాకా వచ్చింది. మింగేశాడు.

ఆవిడ కళ్ళు తుడుచుకుంది. ఇక సైకిలు మానెయ్యండంటుందని ఆయన గుండె రాయి చేసుకుని కూర్చున్నాడు. ఆవిడ లేచి మేస్త్రిని పిలిచింది. "పెద్ద సందే పెట్టండి. పట్టినంత లావు టైర్లు వెయ్యండి. జారకూడదు."

ఆయనకి తన చెవుల్ని తనే నమ్మలేనంత సంతోషం వేసింది. ఇంతటి మనిషి దగ్గరా ఇన్నాళ్ళూ దాచాను అనుకున్నాడు. ఆ తృప్తి పూర్తిగా దక్కకముందే ఆవిడ హ్యాండ్‌బ్యాగు తెచ్చి ఆయన చేతిలో పెట్టింది.

"మీరు దిగండి. నా కొలతలు కూడా తీయించుకుంటాను. నేనూ వస్తా."

"నువ్వా?"

"పెళ్ళికి ముందు కాలేజీకి సైకిలు మీదే వెళ్ళేదాన్ని. మర్చిపోయేదేం కాదుగా అది!"

వద్దనాలని ఉంది. కానీ ఏమని చెప్తాడు? నువ్వు లేని చోటు నాకొకటి కావాలని చెప్పాలా? తన కోసం రాత్రుళ్ళు మేలుకుని ఊపిరి వినే మనిషితో ఆ మాట ఎలా అంటాడు? బ్యాగు పట్టుకుని నిలబడ్డాడు. ఆవిడ ఎక్కి కూర్చుంది, మేస్త్రి సీటు కిందికి దించాడు.

"హ్యాండిల్ ఎంత వెడల్పు పెట్టాలో చూడాలి" అన్నాడు మేస్త్రి. "ఆ దారిలో ఇద్దరు పక్కపక్కన వెళ్ళే వీలుంటుందా సార్?"

మునిగిపోయేవాడికి కొమ్మ దొరికినట్టు ఆయన అందుకున్నాడు. "అబ్బే, ఎక్కడండీ! పొదలూ ముళ్ళూను. ఒకరి పక్కన ఒకరు కుదరనే కుదరదు. ఒకరి వెనక ఒకరు పోవాల్సిందే. చాలా ఇరుకు" అన్నాడు, ఆవిడ మొహంలోకి ఆశగా చూస్తూ.

ఆవిడ మొహం ఒక్కసారిగా తేటపడింది.

"ఇంకా మంచిది కదండీ! మీరు ముందు వెళ్ళండి. నేను వెనకనుంచి చూసుకుంటూ వస్తాను" అని పెడలు తొక్కడం మొదలుపెట్టింది.