తిప్పన్న పేరు మీద రక్తం

మరుగుతున్న నీళ్లలో వేళ్లు ముంచి ఉలిగమ్మ పట్టుగూళ్ల దారపు కొసలు వెతుకుతోంది. హిందూపురం రీలింగ్ షెడ్డులో ఇరవయ్యేళ్లుగా ఇదే పని. వేళ్లు నానినాని పాలిపోయాయి. పొగకు దగ్గొస్తే మొహం పక్కకు తిప్పుకుంటుంది, దారం మాత్రం తెగనివ్వదు.

మొగుడు తిప్పన్న సంగతి వేరు. బీడీ మానడు, సూదంటే వణుకుతాడు. పోయిన నెల ఊపిరితిత్తుల క్యాన్సర్ మీద పరిశోధన చేసేవాళ్లు ఇంటింటికీ వచ్చారు. లోపల గడ్డ మొదలైతే ఆర్‌ఎన్‌ఏ అనే సన్నటి తునకలు రక్తంలో తేలతాయట, రోగం ముదరకముందే పట్టేయొచ్చట. తన పేరు రాసుకోగానే తిప్పన్న పెరటి దారి పట్టాడు. అసలే ఒంట్లో రక్తం లేని మనిషి, ఉన్నదీ తీస్తే ఏం మిగులుతుందని ఉలిగమ్మ తన చెయ్యి చాపింది. ఒకే ఇంటి కూడు తినేవాళ్లం, ఎవరి రక్తమైతే ఏముందిలే అంది. రక్తం తీసే ఉమాశంకర్‌కు ఆ రోజు పని తెమిలితే చాలు. తీసుకుని, గొట్టం మీద తిప్పన్న పేరు రాసేశాడు.

ఫలితంలో అనుమానం కనబడింది. తిప్పన్నను పెనుకొండ తీసుకెళ్లి స్కాన్ తీశారు. ఈ మధ్యాహ్నం ఉమాశంకర్ షెడ్డుకే వచ్చి, ఆయనకేమీ లేదన్నాడు. ఆ పరీక్ష ఇంకా కొత్తది కాబట్టి దాందే తప్పని పెద్ద డాక్టర్లు తేల్చారట.

ఉలిగమ్మ చేతులు నీళ్లలోనే ఆగిపోయాయి.

"ఆ పొద్దు నువ్వు తీసింది నా రక్తం కదప్పా."

ఉమాశంకర్ అటూ ఇటూ చూశాడు. "ఆ మాట యాడా అనద్దక్కా, నా ఉద్యోగం పోతాది. మళ్లీ వచ్చినప్పుడు నీ పేరు రాసుకుంటా."

పిచ్చిది, నమ్మింది. గండం గడిచిందని తిప్పన్న పాయసం అడిగితే ఆ సాయంత్రం వండి పెట్టింది. అసలు సంగతి చెబితే ఆ మనిషి అన్నం మానేస్తాడని ఆమె భయం. తన కోసం భయపడటం ఆమెకు ఎప్పుడు అలవాటైంది గనుక!

ఆ పరిశోధనవాళ్లు మళ్లీ వచ్చేసరికి ఉలిగమ్మ లేదు. ఉగాది దాటాక దగ్గులో రక్తం పడింది. ధర్మవరంలో చెల్లెలింట్లో కొన్నాళ్లు మంచాన పడి, జరిగింది ఆమె చెవిన వేసి, ఒక తెల్లవారుజామున పోయింది. చెల్లెలు ఆ మాట తిప్పన్నకు చెప్పింది.

ఉమాశంకర్ గడపలో నిలబడగానే తిప్పన్న పెరట్లోకి పోలేదు. చొక్కా చెయ్యి పైకి మడిచాడు.

"నాదే తీసుకో అప్పా. నా బదులు చెయ్యి చాపేదానికి అది లేదిప్పుడు."

ఉమాశంకర్ తల ఎత్తలేదు. పని ముగించుకుని వెళ్లిపోయాడు. తిప్పన్న చేతి మీద అదిమి పెట్టుకున్న దూది జారి గడప పక్కన పడింది. ఊడ్చే మనిషి లేక, మధ్యలోని ఎర్రచుక్క నల్లబడి, ఆ దూది అక్కడే ఉండిపోయింది.