పది నిమిషాల కుర్చీ

పిల్లల డాక్టరు గది బయట బల్ల మీద ముగ్గురు కూర్చున్నారు. నాలుగో మనిషి కూర్చోలేదు. కూర్చోవడం దాని ఒంట్లోనే లేదు. నాలుగేళ్ల ఆ పిల్లని ఇంట్లో పిడుగు అంటారు. వారం కిందట బడిలో తోటి పిల్ల చెవి కొరికింది. ఇంకొక్కసారి పళ్లకి పని చెబితే పేరు కొట్టేస్తామని టీచరు కబురు పెట్టింది.

"అంతా నీ గారాబమే అమ్మా," అన్నాడు తండ్రి. బస్సు డ్రైవరు కదా, మాట్లాడినా హారన్ కొట్టినట్టే ఉంటుంది. "లేకపోతే దీనికింత పొగరెక్కడిది? రేపు నువ్వు అక్క దగ్గరికి బయల్దేరు. ఇక మేమే చూసుకుంటాం."

నానమ్మ ఒళ్లో సంచి పట్టీని మెలితిప్పుతూ కూర్చుంది.

పొగరులోని పొగ కోడలి గొంతుకి అడ్డం పడింది. ఆమెది బట్టల ఫ్యాక్టరీలో గుడ్డ కోసే పని. వంద పొరలైనా గీత తప్పకుండా కోస్తుంది. చేతిలోని ఫారంలో మాత్రం ఒక్క గీత దగ్గర పెన్ను ఆగింది. "గర్భంతో ఉండగా తల్లి పొగ తాగిందా?" లేదు అన్నచోట టిక్కు పెట్టేసింది.

లోపల డాక్టరమ్మ ఫారం చూస్తుంటే పిడుగు బరువు మిషను ఎక్కి దూకుతోంది.

"ఇంట్లో పిల్లని ఎవరు చూస్తారు?"

"మా అమ్మే. అందుకే ఇలా తయారైంది," అన్నాడు డ్రైవరు.

డాక్టరమ్మ రాయబోయింది. నానమ్మ తల దించుకుంది.

కోడలు దిగ్గున లేచింది. "అది రాయకండి! ఆ టిక్కు తప్పు. తాగాను."

"ఏంటీ?" హారన్‌లో గాలి పోయింది.

"నిలబడి చేసే పనండీ. కాళ్లు గుమ్మడికాయల్లా వాచినా సూపర్‌వైజరు కదలనిచ్చేవాడు కాదు. సిగరెట్టుకైతే పది నిమిషాలు బయటికి పంపేవాడు. బయటొక కుర్చీ ఉండేది. దానికోసం మొదలుపెట్టా. తర్వాత కుర్చీ లేకపోయినా కావాల్సొచ్చింది."

ఆ ఫ్యాక్టరీలో అలుపుకి సెలవు లేదు, అలవాటుకి ఉంది.

"ఇప్పుడూనా?" అడిగింది డాక్టరమ్మ.

"రోజుకి రెండు. అక్కడే."

"అవీ మానాలి, మేం సాయం చేస్తాం. దీని కోపానికి అదే కారణమని తేల్చి చెప్పలేనమ్మా. కడుపులో ఉండగా పొగ తగిలిన పిల్లల్లో ఈ దూకుడు, నిలకడలేనితనం కాస్త ఎక్కువగా కనిపిస్తాయి. వేరే కారణాలూ ఉండొచ్చు. గారాబం అని రాసేసి ఊరుకుంటే మాత్రం పిల్లకి ఒరిగేదేం లేదు. రోజూ ఒకే పద్ధతి, కొరకనప్పుడల్లా మెచ్చుకోవడం. ఓపికున్న మనిషి కావాలి."

నానమ్మ తలెత్తింది. "వీడు నన్ను ఆడిపోసుకుంటుంటే ఇన్నాళ్లూ పక్కనుండి విన్నావు కదే అమ్మాయ్?"

"విన్నాను అత్తయ్యా."

"నాతో మాట్లాడకు." డాక్టరమ్మ వైపు తిరిగింది. "రేపట్నుంచి నేనేం చెయ్యాలో మెల్లగా చెప్పండి. వీడు రాసుకుంటాడు. రాయరా!"

డ్రైవరు పెన్ను అందుకున్నాడు. కోడలు ఇంకా నిలబడే ఉంది. వెనక కుర్చీ ఖాళీ.

పిడుగు పరుగున వచ్చి నానమ్మ చేతిని నోటిదాకా లాక్కుంది. నోరు తెరిచింది. నానమ్మ చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

పిడుగు ఒక్క క్షణం ఆగి, చెయ్యి వదిలేసి, సంచి పట్టీని కసుక్కున కొరికింది.

"దీన్ని మెచ్చుకోవచ్చాండీ?" అంది నానమ్మ.