అడుగు పప్పు

ఆ ఉదయం నాయనమ్మ కాలు ఒకచోట నిలవలేదు. వాకిట్లోకి వెళుతుంది, లోపలికొస్తుంది, నిద్రపోతున్న మనవరాలి బుగ్గ గిల్లుతుంది, కోడల్ని కసురుతుంది.

"ఎంతసేపే ఆ జడ? అక్కడ తూకాలు మొదలైపోయుంటాయి!"

"ఎనిమిదింటికి కదత్తా ఆరోగ్యకేంద్రం తలుపు తీసేది. ఇప్పుడు ఆరున్నరే."

"తీసేసరికి వరసలో ముందు మనముండాలి."

కంగారు ఊరికే కాదు. ఏడాదిన్నర పిల్ల ఈరోజు ఎనిమిది కిలోలు తూగాలి. తూగకపోతే పెద్దాసుపత్రిలో పదిహేను రోజులు ఉంచాల్సిందేనని నర్సమ్మ తేల్చి చెప్పేసింది. తల్లి పక్కనే ఉండాలి. పదిహేను రోజులు రాని మనిషి కోసం బట్టల ఫ్యాక్టరీలో కుట్టుమిషను ఖాళీగా అట్టేపెట్టరు. కోడలి పని పోతే ఆ ఇంట్లో పొయ్యి రోజు విడిచి రోజే వెలుగుతుంది.

ఇంత దూరం తెచ్చింది గరిటె. ఆ ఇంట్లో గరిటె నాయనమ్మది, ఇంకొకరు ముట్టడానికి వీల్లేదు. వయసులో ఉండగా ఆమె మేడలు కట్టే చోట ఇటుకలు మోసింది. అక్కడ తాగడానికి గుంటనీళ్లే గతి. కుండలో పోసి, మట్టి అడుక్కి దిగేదాకా ఆగి, పైన తేరిన నీళ్లు ముందు పిల్లలకు పట్టేవాళ్లు. మంచిది పైన, మడ్డి అడుగున. ఆ లెక్క ఆమె చేతికి అలవాటైపోయింది. పప్పు దించినా అంతే. పైతేట జాగ్రత్తగా వంచి మనవరాలికి పోస్తుంది, అడుగున మిగిలిన ముద్ద పెద్దవాళ్లకు. ప్రేమ లేకనా? ప్రాణం పెట్టి మరీ పోసింది. పిల్లకు పొట్ట నిండేది, ఒళ్లు మాత్రం వచ్చేది కాదు.

రెండు నెలల కిందట నర్సమ్మ సరిగ్గా భోజనాల వేళకు వచ్చి, పీట లాక్కుని కూర్చుని, అంతా చూసింది.

"పెద్దమ్మా, మీరు పిల్లకి పోసింది రంగునీళ్లు. పప్పంతా మీ అబ్బాయి పళ్లెంలో ఉంది."

నాయనమ్మ ఒంటికాలి మీద లేచింది. "పిల్లల్ని కన్నదాన్ని, నాకు నేర్పడానికొచ్చావా?" అని నర్సమ్మను గుమ్మం దాటించింది. రెండు రోజులు అలిగి గరిటె ముట్టలేదు. మూడో రోజు ఎవరూ లేకుండా చూసి, కుండ అడుగుదాకా ముంచి, ముద్ద తీసి, కాస్త నూనె వేసి మెత్తగా మెదిపి పిల్ల నోట్లో పెట్టింది. ఆనాటి నుంచి అదే వరస. తప్పు ఒప్పుకుందా అంటే, అది ఆమె జాతకంలో లేదు.

ఎనిమిదింటికి తలుపు తీశారు. ముందున్నది వీళ్లే. నర్సమ్మ పిల్ల గౌను విప్పి, గాజులు తీసి, కాటా కొక్కేనికి వేలాడే గుడ్డసంచిలో కూర్చోబెట్టింది.

"పెద్దమ్మా, చెయ్యి తీయండి."

"పడిపోతుందేమోనని పట్టుకున్నానమ్మా."

"పట్టుకోవడం కాదు, కిందికి నొక్కుతున్నారు."

చెయ్యి తీసింది. ముల్లు ఎనిమిది దాటి, ఇంకో గీత మీద ఆగింది! కోడలు కేక పెట్టబోయింది. అంతలోనే పిల్ల తీరుబడిగా, ధారగా పోసేసింది. వెనకున్న ఆడవాళ్లు పగలబడి నవ్వారు. నాయనమ్మకు మాత్రం పై ప్రాణాలు పైనే పోయాయి.

"ముందే తూగింది కదా, రాసేసుకో నర్సమ్మా!"

"తడిసిన సంచితో రాయను. మళ్లీ తూస్తాను."

వేరే సంచి తగిలించారు. ముల్లు పైకి పోయింది, కిందికి దిగింది, మళ్లీ పైకి. చివరికి సరిగ్గా ఎనిమిది మీద నిలిచింది. వెంట్రుకవాసి ఎక్కువేనని నాయనమ్మ ఇప్పటికీ వాదిస్తుంది.

కోడలు ఒక్క గెంతు గెంతి అత్తను వాటేసుకుంది. కాపురానికొచ్చిన ఆరేళ్లలో అదే మొదటిసారి. నాయనమ్మ నవ్వింది, పిల్లను ముద్దులతో ముంచెత్తింది, ఉన్నట్టుండి కూలబడి భోరుమంది.

"నీ మొగుడికి పైన ఒక అక్క ఉండేదే. రెండేళ్లు నిండలేదు. మన ప్రాప్తం అంతే అన్నారు, నేనూ అదే అనుకున్నాను. దానికీ పైతేటే పోశాను."

నర్సమ్మ పెన్ను పక్కన పెట్టింది. "అప్పుడు మీకు చెప్పినవాళ్లు లేరు పెద్దమ్మా."

"లేరు," అంది నాయనమ్మ. ముఖం తుడుచుకుని చూస్తే, వరసలో తర్వాతి పిల్లాడు తల్లి భుజం మీద వాలిపోయి ఉన్నాడు. చేతులు పుల్లల్లా ఉన్నాయి.

"మీ ఇంట్లో వడ్డించేది ఎవరమ్మా?"

"మా అత్తగారండీ."

"చెప్తే వింటుందా?"

"ఎవరి మాటా వినరండీ."

"నేనూ వినలేదు," అంటూ లేచి నిలబడింది నాయనమ్మ. "మీ ఇల్లెక్కడ? పద."