కరిగిన జొన్నాకులు

జాయ్స్‌కు కుర్చీలో కుదురుగా కూర్చోవడం చేతకాదు. మాదాపూర్‌లోని ఆ చిన్న కంపెనీలో అందరూ ఒప్పుకునే విషయం అదొక్కటే. ప్రోగ్రాం నడుస్తున్నంతసేపూ కాఫీ మిషన్ దగ్గరికి, అక్కణ్ణుంచి కిటికీ దగ్గరికి, మళ్ళీ కంప్యూటర్ దగ్గరికి తిరుగుతూనే ఉంటుంది. ఆ మంగళవారం మాత్రం పొద్దుటి నుంచీ తెర ముందు నుంచి కదల్లేదు. పక్క సీటులోవాళ్ళకు భయం వేసింది.

అంతకు ముందు వారమే ఆమెకు జొన్నలో ఒక కొత్త చిన్న ఆర్‌ఎన్‌ఏ దొరికింది. జన్యువంటే ప్రొటీన్ తయారుచేసే రాత అని బడిలో చెబుతారు. ఇరవై ఒక్క అక్షరాల పొడవుండే ఈ బుల్లి ముక్కలు ఏ ప్రొటీనూ చేయవు. వేరే జన్యువుల నోరు నొక్కడమే వీటి పని. నీళ్ళు అందనప్పుడు జొన్నలో ఏ ముక్క ఏ జన్యువు నోరు నొక్కుతుందో తెలిస్తే, కరువుకు తట్టుకునే వంగడానికి దారి దొరుకుతుంది. కోట్ల అక్షరాల్లోంచి అలాంటి ముక్కను కంప్యూటర్‌తో వెతికి పట్టుకోవడమే జాయ్స్ ఉద్యోగం. తడి పెట్టిన మొక్కల ఆకుల్లో లేకుండా, ఎండగట్టిన మొక్కల ఆకుల్లోనే కనిపించిన ముక్క అది. డైరెక్టర్ నరసింహమూర్తి గారు స్వీట్లు పంచారు. తెనాలిలో నర్సుగా చేస్తున్న జాయ్స్ అమ్మ రూతమ్మ ఆదివారం చర్చిలో నిలబడి, ఇది దేవుడు చేసిన మేలని సాక్ష్యం కూడా చెప్పేసింది.

ఇప్పుడు ఆ ముక్క అంచులనే జాయ్స్ మళ్ళీ మళ్ళీ చూస్తోంది. నిజమైన ముక్కను మొక్క ప్రతిసారీ ఒకే చోట కత్తిరిస్తుంది. ఎన్ని కాపీలు తీసినా అంచులు కలవాలి. ఇక్కడ ఒకటి పొట్టి, ఒకటి పొడుగు, ఒకటి ముందు మొదలైంది, ఇంకొకటి వెనక. దర్జీ కత్తిరించిన గుడ్డకూ ఎలుక కొరికిన గుడ్డకూ ఉన్న తేడా. ఏమీ దొరకడం లేదన్న విసుగులో ప్రోగ్రాంలో జల్లెడ కాస్త వదులు చేసింది ఆమే. దానిలోంచి చెత్త జారిపడింది. గడ్డకట్టించి దాచిన ఆకులు చల్లదనం పోయి కరిగితే లోపలి ఆర్‌ఎన్‌ఏ అంతా ఇలాగే పొడిపొడిగా విరుగుతుంది.

ఆకులు ఎక్కడ కరిగాయి? జాయ్స్‌కు జవాబు తట్టడానికి క్షణం పట్టలేదు. తడి మొక్కల ఆకులు సెప్టెంబరు మొదట్లోనే బెంగళూరులో ఆ అక్షరాలు చదివే ల్యాబ్‌కు వెళ్ళిపోయాయి. ఎండిన మొక్కల ఆకులు వికారాబాద్ దగ్గర కంపెనీ జొన్న వేసిన చెలక నుంచి వచ్చింది తెలంగాణ కోసం జరిగిన సకల జనుల సమ్మెలో, అదీ రాస్తారోకో రోజున. ఆకుల పెట్టె వ్యానులో తెచ్చింది యాదగిరి. ఉస్మానియాలో వృక్షశాస్త్రం చదివి, చెలక పనంతా తన మీద వేసుకున్నవాడు. బైకు మీద జై తెలంగాణ అని రాయించుకున్నవాడు ఆ అంతస్తులో అతనొక్కడే. సమ్మె ముగిసి నెల దాటినా ఆఫీసులో సణుగుడు ముగియలేదు. ఆ అద్దాల మేడల్లో ఉద్యమమంటే ఇవాళ ఏ రోడ్డు మూశారన్న ప్రశ్నే.

కోపమొస్తే జాయ్స్ వేళ్ళు ఆగవు. మూర్తి గారికి మెయిల్ కొట్టేసింది. జొన్న ఫలితం తప్పు, వ్యాను రాస్తారోకోలో ఆగి ఆకులు పాడయ్యాయి, పెట్టె యాదగిరి గారి చేతిలో ఉంది. పంపేశాక లేచి అతని సీటు దగ్గరికి నడిచింది.

"ఆ రోజు రోడ్డు మీద వ్యాను ఎంతసేపు ఆగిందండి?"

"చేవెళ్ల కాడనా? నడిరోడ్డు మీద వంటావార్పు పెట్టిన్రు, ఆగింది. ఏమైంది?"

"ఆగితే మాకు చెప్పాలా వద్దా?"

"చెప్పేటంతసేపు ఆగితే గదా. పెట్టెల ఏముందని అడిగిన్రు. జొన్నాకులు, నీళ్ళు లేకుంటే దూపకు ఎట్ల తట్టుకుంటయో చూస్తున్నరని చెప్పిన. అంబులెన్సు లెక్క ఇడిసిపెట్టిన్రు. ఒక అవ్వయితే పులిహోర కట్టిచ్చింది. తిన్నది నువ్వే గదా."

తిన్నది ఆమే. ఆ రోజు ఒక చేత్తో ఆ పొట్లం పట్టుకునే, రెండో చేత్తో పెట్టె మూత ఎత్తింది. డ్రై ఐస్ తెల్లటి పొగ ముఖాన కొట్టింది. ఆకులు రాయిలా బిగుసుకుని ఉన్నాయి. డీప్ ఫ్రిజ్‌లో సర్దింది కూడా వాళ్ళిద్దరే. ఇదంతా మెయిల్ కొట్టేటప్పుడు ఎక్కడికి పోయిందో ఆమెకే తెలియదు.

"మంచిగనే వచ్చినయి గదా. మరి ఇక్కడ ఏమైనట్టు?" అన్నాడు యాదగిరి.

జాయ్స్ గబగబా మెట్లు దిగింది. లిఫ్టు కోసం ఆగే ఓపిక లేదు. ఆకులు వచ్చిన వారమంతా గనుల్లో బొగ్గు తీసేవాళ్ళు లేక కరెంటు కోతలు. డీజిల్ దొరకడమే గగనం. సెల్లార్‌లో జనరేటర్ చూసుకునే మునిస్వామి, చిత్తూరు నుంచి వచ్చిన పెద్దాయన, స్టూలు మీద కూర్చుని పేపరు చదువుతున్నాడు.

"సమ్మెలో ఒకరోజు కరెంటు పోయినప్పుడు, ఫ్రిజ్ సంగతేంటని నన్ను అడిగారు కదండీ?"

"అడిగితిని గదమ్మా. ఈ జనరేటర్‌కు రెండూ లాగే దమ్ము లేదు. సర్వరా, ఫ్రిజ్జా అంటిని. సర్వర్ ఆగితే ఊరుకోనంటివి. తలుపు తెరవకుంటే ఫ్రిజ్జుకు ఏమీ కాదంటివి."

"ఎంతసేపు ఆపారు?"

"మర్నాడు మజ్జాన్నం దాకా. నీ పని అయ్యేదాకా ముట్టొద్దంటివి గదా. మళ్ళా వేసినాక గట్టిగానే గడ్డకట్టింది, బాగుండాదిలే అనుకొంటి."

సర్వర్ మీద అప్పుడు నడిచింది వరి జన్యువుల లెక్క. అందులో చివరికి ఏమీ దొరకలేదు. దాని కోసం పక్క గదిలో జొన్నాకులు ఒక పగలూ ఒక రాత్రీ కరిగాయి. ఆ సంగతి పూర్తిగా మరిచిపోయి, అవే ఆకుల్లో కొత్త ముక్క దొరికిందని ఆమె లడ్డూ తిన్నది.

పైకి వచ్చేసరికి మూర్తి గారి నుంచి కబురు. మూడు గంటలకు మీటింగ్, యాదగిరి తప్పక రావాలి. హెచ్‌ఆర్ వాళ్ళు కూడా ఉంటారట. ఎందుకో ఎవరూ చెప్పనక్కర్లేదు. జాయ్స్ ఆయన గది చుట్టూ తిరిగింది. లోపల బయటివాళ్ళున్నారు. ఫోను చేస్తే కట్ చేశారు. ఇంకో మెయిల్ కొట్టబోయి ఆగిపోయింది. మెయిళ్ళు కొట్టింది చాలు. యాదగిరి మొన్ననే హఫీజ్‌పేట్‌లో కొత్త ఇంట్లోకి మారాడు. భార్యకు ఏడో నెల. అన్నం డబ్బా మూత తీయను కూడా లేదు. తన ఉద్యోగం పోయినా సరే, ఈ మనిషిది పోకూడదు. ఆ మాట లోలోపల ఎన్నిసార్లు అనుకుందో.

మూర్తి గారు గొంతు పెంచే మనిషి కాదు. మెత్తగానే మొదలుపెట్టారు.

"ఉద్యమాలు చేసుకోండి యాదగిరి గారూ, ఎవరొద్దన్నారు? కంపెనీ పెట్టె రోడ్డు మీద పెట్టుకుని చేయకూడదండి. మీ వాళ్ళ వల్ల మనకు ఒక పంటకాలం పోయింది. ఇవాళే మీ లెక్క సెటిల్ చేయించుకోండి."

"సార్, పెట్టె..."

"రోడ్డు మీద కాదండి," అంది జాయ్స్. లేచి నిలబడినట్టు ఆమెకు తెలియలేదు. "ఆకులు ఇక్కడే కరిగాయి. కరెంటు పోతే నా సర్వర్ కోసం నేనే ఫ్రిజ్ ఆపించాను. మునిస్వామి గారు అడిగినా వినలేదు. పొద్దున నేను రాసింది అబద్ధం సార్. ఏం చేసినా నన్ను చేయండి."

మూర్తి గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"ఓస్, ఇదా? కూర్చో అమ్మా. కరెంటు కోతలు నువ్వు పెట్టావా ఏంటి? జనరేటర్ చిన్నదైతే నువ్వేం చేస్తావు? జరుగుతుంటాయి. మళ్ళీ విత్తిద్దాం, మళ్ళీ ఆకులు తెప్పిద్దాం." హెచ్‌ఆర్ అమ్మాయి ముందున్న కాగితాన్ని ఆయనే మడిచి పక్కన పెట్టారు. "యాదగిరీ, నువ్వు పని చూసుకోవయ్యా."

యాదగిరి లేవలేదు.

"సార్, నేను చేసిననుకున్నప్పుడు అది ఉద్యోగం పోయేంత తప్పు. ఆమె చేసిందని తెలిసినంక అసలు తప్పే లేకుంట పోయింది. ఎట్లనో జర చెప్పుండ్రి."

"ప్రతిదాన్నీ ప్రాంతం దగ్గరికే లాగుతావేంటయ్యా?"

"నన్ను కూడా అదే మాట అనండి సార్," అంది జాయ్స్. "లెక్క సెటిల్ చేసుకోమనండి."

"ఏంటమ్మా, చిన్నపిల్లలా," అని మూర్తి గారు నవ్వి, ఫోను అందుకున్నారు. తిట్టు పడుతుందని గుండె రాయి చేసుకుని వచ్చిన మనిషి మీద ఒక్క మాట పడలేదు. అంత సిగ్గు జాయ్స్ తన జన్మలో ఎరగదు.

కారిడార్‌లో అతని వెంట పరుగెత్తినంత పని చేసింది. "క్షమించండి యాదగిరి గారూ. కోపంలో ఆలోచించలేదు."

అతను ఆగాడు. ముఖంలో కోపం లేదు, అలసట ఉంది.

"కోపం అందరికి వస్తది. ఫ్రిజ్జు ఇక్కడ, సర్వరు ఇక్కడ, నువ్వు ఇక్కడ. ఆకులు పాడైనయంటే నీకు మొదలు నేనే ఎందుకు యాదికొచ్చిన జాయ్స్?"

జవాబు అతని బైకు మీదే రాసి ఉందని జాయ్స్‌కు తెలుసు. మూర్తి గారి ముందు అంత గట్టిగా మాట్లాడిన మనిషి, అతని ముందు తల వంచుకుని నిలబడింది.