ఫెర్రీ మీద అన్న మాట

"టోపీలు కుట్టే ముందు చేతులు బాగా కడుక్కో అమ్మా. పెళ్లికొచ్చినోళ్ల నెత్తి మీద చేపల కంపు కొడితే ఏం బాగుంటాది?" అంది గురమ్మ ఫోనులో.

దేముడమ్మ అప్పటికే నిమ్మచెక్కతో చేతులు రుద్దుకుని, పోర్ట్ బ్లెయిర్ దగ్గర వండూర్‌లో వాళ్ల ఇంటి వసారాలో కుట్టుమిషను ముందు కూర్చుని ఉంది. గురమ్మ ఆమెకి కాబోయే అత్తగారు. ఆవిడ మొగుడూ, మామగారూ కూడా బాంబూఫ్లాట్‌లో వల వేసి బతికినవాళ్లే. కొడుకు కన్నారావు గోల్ ఘర్‌లో మొబైల్ షాపులో చేరాక గానీ ఆ ఇంట్లో చేపలకి కంపు రాలేదు. ఆ మాట దేముడమ్మకి నాలుక చివరిదాకా వచ్చింది. కాబోయే కోడలు కదా, మింగేసింది. "అలాగే అత్తమ్మా" అని ఫోను పెట్టేసి, చేతులు వాసన చూసుకుంది. చూసుకున్నందుకు తన మీద తనకే ఒళ్లు మండింది.

ఆమె కుడుతున్నవి పసుపుపచ్చ టోపీలు. ముందువైపు నారింజరంగు గుడ్డ ముక్కులా పొడుచుకొచ్చి ఉంటుంది. బాతు టోపీలన్నమాట. పెళ్లికొచ్చే పిల్లలూ పెద్దలూ అందరూ పెట్టుకోవాలట. పెళ్లేంటి, బాతు టోపీలేంటి అంటే, దాని వెనక ఓ బొమ్మల సినిమా ఉంది.

దేముడమ్మ చిన్నప్పుడు అది టీవీలో హిందీలో వచ్చేది. ఝుమరీ అని ఓ కోతిపిల్ల, గోలూ అని ఓ లావుపాటి బాతు. బాతై పుట్టి కూడా గోలూకి నీళ్లంటే భయం. తుఫాను వచ్చి దీవి మునిగిపోతుంటే ఒడ్డున ఒక్క పాత నావ మిగులుతుంది. గోలూ గజగజా వణుకుతూ, "డర్ లగ్తా హై ఝుమరీ, నావ్ తూ చలా" అంటాడు. నాకు భయమేస్తోంది, నావ నువ్వు నడుపు అని. ఝుమరీ తన తోకని చుక్కానికి చుట్టి, "తూ బైఠ్. నావ్ మై చలాఊంగీ" అంటుంది. నువ్వు కూర్చో, నడిపేది నేను అని. ఆ 'ఊంగీ' దగ్గర, ఎన్నిసార్లు చూసినా, దేముడమ్మకి రోమాలు లేచి నిలబడేవి. పక్కింటి కిటికీ ఊచలు పట్టుకుని వేళ్లాడుతూ చూసేది. "మళ్లీ ఆ కోతేనేటే? అంట్లెవుడు తోముతాడు, ఆ బాతా?" అని తల్లి కాళమ్మ జడ పట్టుకుని లాక్కెళ్లేది.

పెద్దయ్యాక ఆమె చేతికీ చుక్కాని వచ్చింది. తండ్రి అప్పలరాముడికి నడుం పడిపోయింది. నడుం పడిపోయినా వాళ్ల చిన్న ఇంజను పడవ, ఆ డింగీ, నీళ్లలోకి వెళ్లాలి, ఇంట్లో పొయ్యి వెలగాలి. తండ్రి వల వేస్తాడు, ఇంజనూ చుక్కానీ ఆమె చూసుకుంటుంది. "ఊళ్లో మగోళ్లంతా సచ్చిపోయారేటి అప్పలరాముడూ, ఆడపిల్ల సేతికిచ్చేవు?" అని జెట్టీలో అడగనివాళ్లు లేరు. చేపలు కొనేవాడైతే ఆమె మొహం కూడా చూడడు, "పాపా కో బులావ్" అంటాడు, మీ నాన్నని పిలువు అని. సముద్రం మీద ఉన్నంతసేపూ బోటు నడిపే సరంగు, ఒడ్డెక్కితే అంట్లు తోమే పిల్ల. ఇన్నేళ్లుగా ఆమె చేసినదాన్ని 'నాన్నకి సాయం' అన్నారే గానీ, పని అని ఒక్కళ్లూ అనలేదు. అందుకే సరంగు పరీక్షకి వెళ్లాలనుకుంది. పోర్ట్ బ్లెయిర్‌లో అధికారుల కళ్లముందు బోటు నడిపి, జెట్టీకి దెబ్బ తగలకుండా చేర్చి చూపించాలి. పాసైతే టూరిస్టులని దీవులకి తీసుకెళ్లే పెద్ద బోటు చేతికొస్తుంది. ఆమె పేరు మీద, ఆమె జీతం మీద. తల్లితో సహా అందరికీ అది పిచ్చి. ఆమెకి మాత్రం అదే బతుకు.

కన్నారావు పరిచయమైంది ఫోను బాగుచేయించుకోవడానికి వెళ్లినప్పుడు. ఫోను వెనకాల అరిగిపోయిన స్టిక్కరు చూసి, "అరే, ఝుమరీ హై నా?" అన్నాడు. ఇన్నేళ్లలో ఆ కోతిని గుర్తుపట్టిన మొదటి మనిషి! మాటలు కలిశాయి. ఏడాది తిరక్కముందే ఒక సాయంత్రం, బాంబూఫ్లాట్ ఫెర్రీ మీద, స్కూటర్ల మధ్య, కోళ్ల బుట్టల మధ్య, సంచీలోంచి పసుపుపచ్చ టోపీ తీసి పెట్టుకుని మోకాలి మీద కూర్చున్నాడు. "డర్ లగ్తా హై ఝుమరీ. నావ్ తూ చలా" అన్నాడు. ఫెర్రీ అంతా చప్పట్లు. "హాఁ బోల్ దీదీ, హాఁ బోల్!" అని ఎవరో అరిచారు. దేముడమ్మ నవ్వీ నవ్వీ ఏడ్చేసింది. చూసినవాళ్లు సిగ్గనుకున్నారు. సిగ్గు కాదు. నాకు భయమేస్తోంది, నువ్వు నడుపు అని ఒక మగాడు నలుగురిలో అనడం ఆమె అంతవరకూ వినలేదు. నాన్న కూడా నడుం పడిపోయాకే ఇచ్చాడు చుక్కాని. ఇతను నిక్షేపంలా ఉండి ఇస్తున్నాడు. సరే అంది.

పెళ్లి కూడా ఆ సినిమాలాగే చేసుకుందామన్నాడు కన్నారావు. అట్టలతో నావ, నీలం గుడ్డతో అలలు, అందరికీ టోపీలు. "ఐడియా నాది, కొంచెం చేతిపని నువ్వు చూసుకో దేవీ" అన్నాడు ముద్దుగా. ఆ కొంచెం ఎంతో చేసేవాళ్లకే తెలుస్తుంది. తెల్లారకముందు సముద్రం, వచ్చాక వల బాగుచేత, నాన్న నడుముకి కాపడం, వంట, గిన్నెలు, ఆ తర్వాత టోపీలు. కుట్టినవి ఫొటో తీసి పంపితే అతను స్టేటస్‌లో పెట్టుకుని 'మేరా డ్రీమ్ వెడ్డింగ్' అని రాశాడు. కాబోయే పెళ్లాం మీద ఎంత ప్రేమో అని అందరూ అతన్ని మెచ్చుకున్నారు. పరీక్షకి చదువుకోవాల్సిన వేళ ఆమె బాతు ముక్కులు కుట్టింది. సంతోషంగానే కుట్టింది, అబద్ధమెందుకు. ఆ టోపీలంటే ఆమెకి ఇష్టం.

కన్నారావు వేయించిన పెళ్లి ఫ్లెక్సీ తయారైందని కబురొస్తే ఆదివారం తల్లిని వెంటబెట్టుకుని, టోపీల మూట చంకన పెట్టుకుని బాంబూఫ్లాట్ వెళ్లింది. గురమ్మ ఇంట్లో ముందుగదంతా పరిచేశారు ఫ్లెక్సీని. నావ, అలలు, మెరుపులు అన్నీ సినిమాలోవే. చుక్కాని దగ్గర మాత్రం కన్నారావు నిలబడి ఉన్నాడు, తెల్ల కెప్టెన్ టోపీ, భుజాల మీద బంగారు చారలతో. అతని కాళ్ల దగ్గర పట్టుచీరలో దేముడమ్మ కూర్చుని ఉంది, నెత్తి మీద బాతు టోపీతో. పైన హిందీలో బారెడు అక్షరాలు: నావ్ మై చలాఊంగా.

"ఇది 'ఊంగీ' కదా?" అంది. 'ఊంగా' అంటే నడిపేది మగాడైపోతాడు.

కన్నారావు నవ్వాడు. "మన దీవుల్లో గీ, గా ఎవడు చూస్తాడే? మా అమ్మ నన్నే 'కహాఁ జాతీ హై' అంటాది, ఆడపిల్లని అడిగినట్టు."

అదీ నిజమే. దేముడమ్మ నానమ్మ అమ్మవారిని కూడా మగాడిని అన్నట్టు 'ఆతా హై' అనేది. వీధిలో తెలుగువాళ్ల హిందీకి ఆడా మగా తేడా లేదు. అచ్చుతప్పే అయితే నవ్వేసి వదిలేసేది. కానీ ఇక్కడ అక్షరంతోపాటు మనుషులు కూడా చోటు మారారు.

"భయపడేది నువ్వు కదా కన్నా. కూర్చోవాల్సింది నువ్వు. నన్ను కూర్చోబెట్టావేంటి?"

"పెళ్లికొడుకు భయపడుతున్నట్టు బొమ్మ వేయిస్తే నలుగురూ నవ్వరా? షాపులో నా ఇజ్జత్ ఉంటుందా?"

"ఆడపిల్ల నెమ్మదిగా కూకుంటేనే అందం," అంది గురమ్మ టీ గ్లాసులు అందిస్తూ. "అన్నట్టు, ఆ పరీక్ష ఏదో మానేసుకో అమ్మా. పదార్రోజుల పండగలో పడతాది. పండగ ఎల్లేదాకా కొత్త కోడలు ఉప్పునీళ్లు దాటకూడదు."

"మీ ఇంటికి రావాలంటేనే ఫెర్రీ ఎక్కాలి కదా అత్తమ్మా?"

"ఎక్కొచ్చు. నడపకూడదు."

కాళమ్మ నవ్వాపుకోలేక కొంగు నోట్లో కుక్కుకుంది. దేముడమ్మ మాత్రం కన్నారావు వైపు తిరిగింది. "పరీక్ష సంగతి నీకు ముందే చెప్పాను. నువ్వు చెప్పు అత్తమ్మకి."

అతను ఫోనులోంచి తలెత్తలేదు. "పెళ్లయ్యాక నీకా తిప్పలెందుకే? డింగీ మీ చిన్నాన్న కొడుక్కి ఇచ్చెయ్యమని మీ నాన్నకి చెప్పేశాను కూడా."

"నన్నడక్కుండానా?"

"నీ మంచికే కదా."

"మరి ఫెర్రీ మీద ఏమన్నావు నాతో?"

"అరే యార్, వో తో డైలాగ్ థా. సినిమాలోది."

డైలాగ్! ఆ ఒక్క మాట పట్టుకుని ఆమె ఇన్ని నెలలూ బతికింది. చలిలో ఇంజను తాడు లాగుతూ తలుచుకుంది, చేపలవాడు మొహం చూడకుండా మాట్లాడినప్పుడు తలుచుకుంది, నాకొకడున్నాడు, నా చేతిలో చుక్కాని చూసి మొహం మాడ్చుకోనివాడు అనుకుంది. అతనికేమో అది ఆ పూటకి పెట్టుకుని తీసేసిన టోపీ. ముందు సిగ్గేసింది, అంత నమ్మేసినందుకు. తర్వాత, అన్నవాడికి లేని సిగ్గు విన్నదానికెందుకు అనిపించింది. ఆమెకి ముందున్న రోజులన్నీ అక్కడే కనిపించాయి. ఇప్పుడు పదార్రోజుల పండగ. అది వెళ్తే, నీళ్లోసుకున్నావు కదా వద్దంటారు. తర్వాత పిల్లాడికి ఏడాది నిండనీ అంటారు. తర్వాత అత్తగారికి ఒంట్లో బాగోదు. ప్రతిసారీ మారేది ఒక్క అక్షరమే. ఒక్క అక్షరానికి ఇంత రాద్ధాంతమేంటే అని నవ్వుతారు. తనూ నవ్వుతుంది, ఇందాక నవ్వబోయినట్టే. అలా నవ్వుతూ నవ్వుతూ ఎంతమంది ఆడవాళ్లు ఒడ్డునే ఉండిపోలేదు! కాళమ్మ ఉండిపోలేదా, గురమ్మ ఉండిపోలేదా? ఈ గురమ్మే ఒకప్పుడు ఒంటరిగా తెడ్డేసేదని జెట్టీలో ముసలివాళ్లు చెప్పుకునేవారు.

దేముడమ్మ టోపీల మూట కింద పెట్టింది. గొంతు పెంచలేదు.

"నేను పరీక్షకి వెళ్తాను. ముహూర్తం ఆ తర్వాత పెట్టించుకుందాం. డింగీ ఎవరికీ ఇవ్వను, నాన్నతో నేను మాట్లాడుకుంటాను."

"ఊళ్లో ఏం సెప్పుకోమంటావే?" అంది గురమ్మ. "పెళ్లికూతురు పడవ నడపడానికెళ్లిందనా?"

"అవునత్తమ్మా. అదే చెప్పండి."

కాళమ్మ కూతురి చెయ్యి గిల్లింది. దేముడమ్మ ఆ చెయ్యి పట్టుకుంది గానీ వెనక్కి తగ్గలేదు.

"జిద్ మత్ కర్ దేవీ, మొండిపట్టు వద్దు," అన్నాడు కన్నారావు. ఫోను జేబులో పెట్టి లేచి నిలబడ్డాడు. "నేను కావాలా, పరీక్ష కావాలా? ఏదో ఒకటి చెప్పు."

ఆమె నేల మీదున్న కెప్టెన్ని ఒకసారి చూసింది, ఎదురుగా ఉన్న మనిషిని ఒకసారి చూసింది.

"భయమేస్తోందని చెప్పినవాడికి నేను సరే అన్నాను కన్నా. అతను వస్తే పెళ్లి చేసుకుంటాను. ఈ కెప్టెన్ ఎవరో నాకు తెలీదు."