కదలని కుందేలు పిల్ల

ఎడారి కుందేలు బొరియ తవ్వదు. ఈ ఒక్క ముక్క పిల్లల బుర్రకెక్కించడానికి టీచరుకు సగం ఉదయం పట్టింది. బొమ్మల పుస్తకాల్లో కుందేళ్ళన్నీ నేల కింద గదులు కట్టుకుని, కిటికీలకు తెరలు వేసుకుని కాపురాలు చేస్తుంటాయి కనక, నాలుగేళ్ళవాళ్ళు ఒక పట్టాన ఒప్పుకోలేదు. వాటికి కింద టీవీ కూడా ఉంటుందని ఒకడు ఒట్టేసి మరీ చెప్పాడు.

వారానికొక జంతువు ఆవిడ పద్ధతి. తాబేలు అయిపోయింది, గుడ్లగూబ అయిపోయింది. ఈ వారం బూడిదరంగు గుడ్డతో తనే కుట్టిన కుందేలును మోకాళ్ళ మీద కూర్చోబెట్టుకుని, దాని పొడవాటి అట్ట చెవులు నిలబెట్టి చూపించింది. ఒంట్లో వేడి ఆ చెవుల్లోంచే పోతుందని చెప్పింది. నీళ్ళు దొరక్కపోతే గడ్డిలో ఉన్న తడితోనే సరిపెట్టుకుంటుందని చెప్పింది. ఆ తర్వాత పిల్ల కుందేలు సంగతి ఎత్తుకుంది. అది కళ్ళు తెరుచుకునే పుడుతుంది. తల్లి దాన్ని పొద చాటున చిన్న గుంటలో వదిలేసి దూరంగా వెళ్ళిపోతుంది. పక్కనే ఉంటే తల్లి వాసన పట్టుకుని నక్క వచ్చేస్తుంది మరి. పొద్దు గుంకాక ఒక్కసారి వచ్చి, పాలిచ్చి, మళ్ళీ వెళ్ళిపోతుంది. అంతవరకు పిల్ల కదలదు, కిక్కురుమనదు.

“మరి వాళ్ళమ్మ రాకపోతే?” అని అడిగింది వసపిట్ట.

అది ఆ పిల్ల పేరు కాదు. పొద్దున గుమ్మంలో చెప్పులు విప్పిన దగ్గర్నుంచి సాయంత్రం మళ్ళీ తొడుక్కునేదాకా నోరు మూతపడదని ఆయా పెట్టిన పేరు.

టీచరు నవ్వేసింది. “ఎందుకు రాదు? కదలకుండా ఉన్న పిల్ల దగ్గరికి వాళ్ళమ్మ తప్పకుండా వస్తుంది,” అంది. చిన్నపిల్లలతో ఇలాంటి హామీలు మనం ఎంత తేలిగ్గా ఇచ్చేస్తామో! వెనకా ముందూ చూసుకోం.

ఆ సాయంత్రమే ఆవిడకు ఒక ఆట తట్టింది. నాలుగున్నరకు బడి వదిలారంటే చెప్పులు తారుమారు, నీళ్ళ సీసాలు గల్లంతు, ఏ పిల్ల ఎవరి వెంట వెళ్ళిందో తెలియక ఆవిడ గుండె గుభేలుమనడం. అందుకని పెరట్లో ఇసుకలో ఎవరి గుంట వాళ్ళచేత తవ్వించి, అందులో ముడుచుకుని పడుకోమంది. ఎవరి ఇంటివాళ్ళు వచ్చి పిలిస్తే వాళ్ళు మాత్రమే రెండు చేతులూ చెవుల్లా నిలబెట్టుకుని పరుగెత్తాలి. ఇంకెవరు పిలిచినా నక్క అనుకుని పడుకునే ఉండాలి. ఆట అద్భుతంగా కుదిరింది. లాండ్రీలో పని ముగించుకుని వచ్చిన వసపిట్ట తల్లి గేటు దగ్గరే చతికిలబడి, “నా కుందేలు పిల్ల ఎక్కడే?” అంది. పిల్ల ఇసుకతో సహా వెళ్ళి ఒళ్ళో పడింది. పొద్దున ఉతికిన గౌనే ఇదని తల్లి మొత్తుకుంటూనే ముద్దుపెట్టుకుంది.

మూడు రోజుల తర్వాత ఆ తల్లికి కడుపులో నొప్పి వచ్చింది. ఆసుపత్రికి నడిచే వెళ్ళింది. ఆపరేషన్ బల్ల మీద నుంచి మళ్ళీ లేవలేదు.

వారం పోయాక తండ్రి పిల్లను తీసుకొచ్చాడు. చొక్కా తిరగేసి తొడుక్కున్నాడు, ఆ సంగతి ఆయనకు తెలియదు. టీచరును చెప్పుల అలమర పక్కకు పిలిచి, వాళ్ళమ్మ పనిమీద ఊరెళ్ళిందని పిల్లకు చెప్పామని, మెల్లిగా ఎప్పుడో నిజం చెప్తామని, అందాకా మీరూ అదే మాట మీద ఉండాలని బతిమాలాడు. ఆ మనిషితో వాదించే ధైర్యం ఆవిడకు లేకపోయింది. సరేనంది.

ఆ రోజు నుంచి వసపిట్ట నోరు పడిపోయింది. పాటలప్పుడు పెదవులు కదల్చదు. భోజనం డబ్బా ముందు కూర్చోబెడితే కూర్చున్నట్టే ఉంటుంది. టీచరు దాన్ని బుద్ధి అనుకుంది, ఏం చెప్పమంటారు! సాయంత్రం ఆటలో అందరికంటే బాగా కదలకుండా ఉందని గౌను మీద రోజుకో కాగితం నక్షత్రం అంటించింది. “చూడండర్రా, కుందేలు పిల్లంటే ఇలా ఉండాలి,” అని మిగతావాళ్ళకు చూపించింది కూడా. ఆయా మాత్రం గచ్చు తుడుస్తూ, పిల్ల అన్నాక గోల చెయ్యాలి, ఇది నాకేం నచ్చట్లేదని గొణిగింది. టీచరు విననట్టే మర్నాటికి నక్షత్రం కత్తిరించుకుంది.

తండ్రి వచ్చి పిలిచినా పిల్ల లేచేది కాదు. కర్రలా బిగుసుకున్నదాన్ని భుజాన వేసుకుని తీసుకుపోయేవాడు. నిద్రమత్తు కాబోలనుకుంది టీచరు.

ఐదో రోజు గుంట మోచేతి లోతు ఉంది. తండ్రి ఎత్తబోతే పిల్ల వేళ్ళు ఇసుకలోకి దిగేసి, మెడ లోపలికి లాక్కుంది. ఏడవలేదు, అరవలేదు. కళ్ళు విప్పార్చుకుని గేటువైపే చూస్తోంది. ఆయన మళ్ళీ పట్టుకోబోయి, చేతులాడక, వెళ్ళి మెట్టు మీద కూలబడ్డాడు.

“ఇంట్లో మంచం మీద కూడా ఇంతేనండి. అటు నుంచి ఇటు దొర్లదు. కదలకుండా ఉంటే అమ్మ వస్తుందని మీరు చెప్పారట. మాట మానెయ్యకముందు నాతో అంది,” అన్నాడు. ఆ గొంతులో నిష్ఠూరం లేదు. ఉన్నా బాగుండేదనిపించింది ఆవిడకు. “నాకు నోరు రావట్లేదు. మీరే చెప్పండి టీచర్‌గారూ. మీరేం చెప్పినా నమ్ముతుంది.”

అప్పుడు తెలిసింది ఆవిడకు తను చేసిన పని. నిన్న కాస్త కదిలానేమో, అందుకే అమ్మ రాలేదు, ఇవాళ ఇంకా బాగా ఉండాలి అని ఆ పసిది లోలోపల అనుకుంటూ ఉంది. తను నక్షత్రాలు అంటిస్తూ ఉంది. ఐదు రోజులుగా మార్చని ఆ గౌను మీదే ఐదూ వరసగా ఉన్నాయి. వాటిని పీకి పారెయ్యాలనిపించింది, చెయ్యి రాలేదు.

మిగతా పిల్లలంతా వెళ్ళిపోయారు. ఎండ గోడ ఎక్కి, గోడ దాటి పోయింది. కుందేలు తల్లి వచ్చే వేళ అది. టీచరు వెళ్ళి గుంట పక్కన మోకరిల్లింది.

“నేను నీకు తప్పు చెప్పానమ్మా,” అంది. “కదలకుండా ఉన్నా ఒక్కోసారి అమ్మ రాదు. మీ అమ్మ ఊరెళ్ళలేదు, చచ్చిపోయింది. ఇంక రాదు. నువ్వు కదిలినందుకు కాదు. నువ్వు అసలు కదల్లేదు.”

మెట్టు మీద తండ్రి వెక్కిళ్ళు వినిపించాయి. పిల్ల చూపు గేటు మీదనుంచి మరలలేదు. ఐదు రోజుల్లో మొదటిసారి పెదవులు కదిలాయి.

“మెల్లిగా చెప్పు టీచర్. నక్క వింటుంది.”

ఆవిడ ఇసుకలో బోర్లా పడుకుంది. పిల్ల చెవి దగ్గరికి జరిగి, గొంతు తగ్గించి, మళ్ళీ మొదటి నుంచి చెప్పింది.